రాతి గోడల ఇంట్లో వైఫై

మీ రేడియో వంటింట్లో ఉన్నా, వసారాలో ఉన్నా, కల్లం దగ్గర పట్టా పక్కన ఉన్నా ఈ మాట మీకు వినబడుతుంది. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారం 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. దాన్ని పంపే ట్రాన్స్‌మిటర్ శక్తి లక్ష వాట్లు. మీ ఇంట్లో మినుకుమినుకుమనే వైఫై బాక్సు కూడా ఒక రేడియో ట్రాన్స్‌మిటరే. అయితే దాని తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. శక్తి సాధారణంగా వాటులో పదో వంతు. ఆకాశవాణి ట్రాన్స్‌మిటర్‌తో పోలిస్తే పది లక్షల్లో ఒక వంతన్నమాట. అంత చిన్న రేడియో మన గోడలు దాటి వెనక గదికి, పై అంతస్తుకు, పెరట్లోకి వెళ్లాలని ఆశిస్తున్నాం. వెళ్లకపోతే ‘నెట్టు స్లో’ అంటాం. కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఇంకా పెద్ద ప్లాన్ ఉందా అని అడుగుతాం.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒకటే. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం ప్రాంతాల ఇళ్లలో వైఫై అందకపోవడానికి ప్లాన్ చాలకపోవడం కారణమయ్యేది తక్కువ. లోపం ఎక్కువగా ఇంటి లోపలే ఉంటుంది. డబ్బు ప్లాన్ మీద పెట్టేకన్నా, కొంచెం ఆలోచన బాక్సు మీద, కొంచెం డబ్బు వైరు మీద పెట్టడం మేలు.

ముందు మన ఇళ్లను చూద్దాం. పల్నాటి నేలంతా సున్నపురాయి. పిడుగురాళ్ల సున్నం బట్టీలకు పేరు. చేతికందే రాయి ఉన్నచోట గోడ కూడా రాతిదే అవుతుంది. పల్నాటి పల్లెల్లో పాత ఇళ్ల గోడలు అడుగున్నర మందం ఉండటం మామూలు. వేసవిలో ఆ గోడలే చల్లదనం. రెంటచింతల ఎండ తెలిసినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. ప్రకాశం వైపు చీమకుర్తి గ్రానైట్, మార్కాపురం పలక రాయి ప్రపంచమంతటికీ ఎగుమతి అయ్యాయి. ఇక కొత్త ఇళ్లంటే సిమెంటు పిల్లర్లు, పైన స్లాబు, ఆ స్లాబులో అడ్డంగా నిలువుగా అల్లిన ఇనుప చువ్వలు. వైఫై తరంగానికి ఇవన్నీ అడ్డే. పలచటి ఇటుక గోడ దాన్ని కొంత తగ్గిస్తుంది, రాతి గోడ బాగా తగ్గిస్తుంది, చువ్వల స్లాబు ఇంకా ఎక్కువ. ఇనుప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం అయితే తరంగాన్ని వెనక్కి కొడతాయి. నీళ్లు దాన్ని మింగుతాయి. సీజనులో ముందు గదినిండా మిర్చి టిక్కీలు పేర్చినప్పుడు, ధర కోసం పత్తిని గదిలో పోసి ఉంచినప్పుడు, ఆ సరుకులో ఉన్న తేమ కూడా తన వంతు లాక్కుంటుంది. ‘నిన్నటిదాకా బాగానే వచ్చింది’ అని ఆశ్చర్యపోయే ముందు, గదిలోకి కొత్తగా ఏం వచ్చిందో చూడండి.

ఊళ్లోకి ఫైబర్ వచ్చిన తీరు కూడా గుర్తుచేసుకోవాలి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోను, మూడూ ఇస్తామన్నది అప్పటి ప్రకటన. నేల తవ్వి కేబుల్ పాతిపెట్టకుండా, ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు. స్తంభం నుంచి ఇంటికి కలిపింది ఊళ్లోని కేబుల్ ఆపరేటర్లే. తర్వాత ప్రైవేటు కంపెనీల ఫైబర్ కూడా పల్లెలకు వచ్చింది. గాజు తీగలో వెలుతురు ఇరవై కిలోమీటర్లు వచ్చినా పనికొచ్చేంత మిగులుతుంది. అంత దూరం చక్కగా వచ్చిన సరుకు మన గుమ్మం దాటాక పది గజాల్లో చతికిలపడుతోంది.

ఎందుకంటే, బాక్సు పెట్టే చోటు. కేబుల్ పట్టుకొచ్చిన కుర్రాడు తీగ ఎక్కడ లోపలికి వస్తే అక్కడే బాక్సు బిగించి వెళ్తాడు. అతనికి ఇంకా నాలుగిళ్లు ఉంటాయి, తప్పు పట్టలేం. అది ఎక్కువగా వీధి వైపు కిటికీ పక్కనో, టీవీ వెనకనో ఉంటుంది. బాక్సు నుంచి తరంగాలు అన్ని వైపులా పోతాయి కాబట్టి దాదాపు సగం వైఫై వీధిలోకి పోతుంది. ఇంకో అలవాటు ఉంది. అందంగా ఉంటుందని బాక్సును గోడ గూట్లో పెడతారు. రాతి గోడ గూడంటే మూడు వైపులా రాయి, కింద రాయి, పైన రాయి. అందులో దీపం పెడితే ముందున్న కొంత మేరే వెలుగు పడుతుంది. వైఫై సంగతీ అంతే. బాక్సు గూట్లో ఉంటే ఈ రోజే బయటికి తియ్యండి.

మరి ఎక్కడ పెట్టాలి? మన పాత ఇళ్ల కట్టడంలో ఒక సౌకర్యం ఉంది. వీధి గుమ్మం, నడవ గుమ్మం, పెరటి గుమ్మం చాలా ఇళ్లలో ఒకే వరసలో, ఎదురెదురుగా ఉంటాయి. గాలి కోసం, వెలుతురు కోసం పెద్దలు అలా కట్టారు. ఆ గుమ్మాల వరసే వైఫైకి కూడా రాజమార్గం. బాక్సును ఇంటి నడుమ గదిలో, ఆ వరసకు దగ్గరగా, మనిషి తల కంటే ఎత్తున, బీరువాకు దూరంగా పెడితే ముందుకూ వెనక్కూ తరంగాలు గోడల అడ్డు లేకుండా పోతాయి. దీనికి కావలసిందల్లా ఇంకో పది, పదిహేను మీటర్ల ఫైబర్ తీగ. కనెక్షన్ ఇచ్చే రోజే ఆపరేటర్‌ను అడగండి. తర్వాతైనా పొడిగించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: ఫైబర్ లోపల ఉన్నది గాజు. తలుపు సందులో నలిగినా, మూల దగ్గర గట్టిగా మడిచినా వెలుతురు బయటికి కారిపోతుంది. బాక్సు మీద ఎర్ర లైటు వెలుగుతూంటే ముందుగా చూడాల్సింది ఆ మడతే.

యాంటెన్నాల గురించి కూడా ఒక మాట. నిలువుగా నిలబెట్టిన యాంటెన్నా తరంగాలను చుట్టూ అడ్డంగా పంపుతుంది. పైకి, కిందికి తక్కువ. ఇల్లు ఒకే అంతస్తయితే అన్నిటినీ నిలువుగా ఉంచండి. మేడ మీదికి కూడా కావాలంటే ఒకదాన్ని పడుకోబెట్టి చూడండి. అయినా స్లాబు స్లాబే. మేడ మీదికి ఎక్కువ తరంగాలు వెళ్లేది మెట్ల దారిలో. కింద బాక్సు మెట్ల మొదట ఉంటే పైన కొంత ఆశ ఉంటుంది.

ఇదంతా చేసేముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. అది చాలా సులభం. ఫోను పట్టుకుని బాక్సుకు రెండు గజాల దూరంలో నిలబడి స్పీడ్ టెస్ట్ చెయ్యండి. తర్వాత వైఫై సరిగ్గా రాని గదిలో నిలబడి మళ్లీ చెయ్యండి. బాక్సు దగ్గర కూడా తక్కువ వస్తే ఆపరేటర్‌తో మాట్లాడండి, అది వాళ్లు చూసుకోవాల్సిన పని. బాక్సు దగ్గర బాగా వచ్చి గదిలో రాకపోతే లోపం మన గోడది. అప్పుడు ఎంత పెద్ద ప్లాన్ కొన్నా ఆ గదిలో మార్పు ఉండదు.

ఇక పరికరాల సంగతి. పదేళ్ల కిందట ఇంటికి ఒకటి రెండు ఫోన్లు వైఫైకి కలిసేవి. ఇప్పుడు లెక్కేసుకోండి. ఇంట్లో తలా ఒక ఫోను. టీవీ. పిల్లలకు ట్యాబ్. 2020 తర్వాత ఇంటి నుంచే ఆఫీసు పని చేసే కొడుకో కూతురో ఉంటే ల్యాప్‌టాప్. సోలార్ ఇన్వర్టర్ ఉంటే దానికీ వైఫై. ఏసీలకు వైఫై. గేటు దగ్గర కెమెరా, పెరట్లో కెమెరా, మిర్చి ఆరబోసిన కల్లం ఇంటిని ఆనుకుని ఉంటే అక్కడొకటి. రాత్రి ఎనిమిదిన్నరకు ఇవన్నీ ఒకేసారి పని చేస్తాయి. అమెరికాలో ఉన్న మనవడితో వీడియో కాల్ కూడా మనకు రాత్రి, వాళ్లకు పొద్దున అయిన ఆ వేళకే కుదురుతుంది.

ఇక్కడ తెలుసుకోవాల్సిన కిటుకు ఏమిటంటే, సాధారణంగా ఒక చానల్ మీద ఒక్కసారికి ఒక్క పరికరమే మాట్లాడగలదు. మిగతావి తమ వంతు కోసం ఆగాలి. ఇదంతా సెకనులో వేలసార్లు జరుగుతుంది కాబట్టి మనకు తెలియదు. కాని గోడ అవతల తరంగం బలహీనంగా అందే పరికరం ఒకటుందనుకోండి, అది మెల్లగా మాట్లాడుతుంది. చెప్పాల్సిన సంగతి అంతే అయినా, చెప్పడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. ఆ సేపూ బాక్సు పక్కనే ఉన్న కొత్త ఫోను కూడా ఆగాల్సిందే. పెరటి గోడ మీది చవక కెమెరా హాల్లో టీవీని ఆపేస్తుందంటే నమ్మబుద్ధి కాదు. కాని జరిగేది అదే. అందుకే దూరంగా ఉండి తరంగం సరిగా అందని పరికరాన్ని బాగుచేస్తే ఇల్లంతా బాగుపడుతుంది.

చాలా బాక్సుల్లో రెండు రకాల తరంగాలుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఒకటి. మన దేశంలో మొదటిదానికి 2005లో లైసెన్సు అక్కర్లేదన్నారు, 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగాన్ని 2018లో వదిలారు. మొదటిది గోడలను కొంచెం మెరుగ్గా దాటుతుంది, కాని దాన్లో చోటు తక్కువ. ఒకదానికొకటి అడ్డం రాని చానళ్లు మూడే: 1, 6, 11. గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో అపార్టుమెంటులో ఉన్నవాళ్లకు చుట్టుపక్కల పది ఇళ్ల వైఫై కనబడుతుంది. అవన్నీ ఆ మూడింటి మీదే సర్దుకోవాలి. ఆ ఇరుకులో 5 గిగాహెర్ట్జ్ ఎంతో నయం. పల్లెలో విడి ఇంట్లో ఆ రద్దీ ఉండదు, గోడే పెద్ద సమస్య. కాబట్టి టీవీ, ల్యాప్‌టాప్, బాక్సున్న గదిలోని ఫోన్లు 5 మీద ఉంచండి. కెమెరాలు, ఇన్వర్టర్, దూరపు గదులు 2.4 మీద ఉండనివ్వండి. వైఫై పేరు చివర 5జి అని కనిపించేది ఈ 5 గిగాహెర్ట్జే. సెల్‌ఫోను టవర్ల 5జితో దానికి సంబంధం లేదు.

బాక్సును కదిల్చినా చాలకపోతే? షాపులో ముందుగా చూపించేది రిపీటర్, ప్లగ్గులో గుచ్చే చిన్న డబ్బా. ధర తక్కువ కాబట్టి చాలామంది అదే కొంటారు. అది బాక్సు చెప్పిన ప్రతి మాటనూ విని మళ్లీ చెబుతుంది. ఒకే రేడియోతో రెండు పనులూ చేసే రిపీటరయితే వేగం సగమైపోతుంది. పైగా దాన్ని వైఫై రాని గదిలోనే గుచ్చుతారు. దానికే సరిగా వినబడని చోట అది ఎవరికి ఏం చెబుతుంది? పెట్టక తప్పదనుకుంటే, బాక్సుకూ ఆ గదికీ మధ్య, తరంగం ఇంకా బాగున్న చోట పెట్టండి. మెష్ అని అమ్మే రెండు మూడు డబ్బాల సెట్ దానికంటే మెరుగు, ఖరీదు ఎక్కువ. కాని అడుగున్నర రాతి గోడ ముందు మెష్ కూడా తలవంచుతుంది, డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది సాధారణంగా గాలిలోనే కాబట్టి.

నా తీర్పు వైరు వైపే. మన ఇళ్లకు అదే సరైన మందు. బాక్సు నుంచి వెనక గదికో మేడ మీదికో ఒక క్యాట్ 6 వైరు లాగి, ఆ చివర వైఫై పంచే యాక్సెస్ పాయింట్ పెట్టండి. పాత రౌటర్ ఉంటే అది కూడా సరిపోతుంది. దాన్లో డీహెచ్‌సీపీ అనే ఏర్పాటును ఆపేసి, మొదటి బాక్సు నుంచి వచ్చిన వైరును దాని ల్యాన్ పోర్టుకు గుచ్చి, వైఫై పేరు, పాస్‌వర్డ్ మొదటిదానివే ఇవ్వాలి. చానల్ మాత్రం వేరే ఉండాలి. అప్పుడు ఫోను పట్టుకుని గది నుంచి గదికి నడిచినా దగ్గరున్నదాన్ని అదే అందుకుంటుంది. క్యాట్ 6 వైరు వంద మీటర్ల దాకా పనిచేస్తుంది, మన ఇంటికి అది చాలినంత కంటే ఎక్కువ. కొనేటప్పుడు అచ్చమైన రాగిదేనా అని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చవకగా వస్తాయి, త్వరగా పాడవుతాయి. ఎండ తగిలే చోట నల్ల తొడుగున్న బయటి రకం వైరే వాడాలి.

కదలని వస్తువుకు వైఫై ఎందుకు? టీవీ కదలదు. కెమెరా కదలదు. ఆఫీసు బల్ల కదలదు. వీటికి వైరు ఇచ్చేస్తే గాలిలో ఉన్న చోటంతా ఫోన్లకు మిగులుతుంది. ముఖ్యంగా కెమెరాలు. నిరంతరం రికార్డుకు పెట్టిన ఒక్కో కెమెరా సెకనుకు రెండు నుంచి నాలుగు మెగాబిట్లు, పగలూ రాత్రీ ఆగకుండా పంపుతూనే ఉంటుంది. వైరుతో ఇంట్లోనే ఒక రికార్డరుకు కలిపేస్తే ఆ బరువంతా వైఫై మీది నుంచి దిగిపోతుంది. మీరు వేరే ఊరినుంచి ఫోనులో చూసినప్పుడు మాత్రమే అది ఇంటర్నెట్ వాడుకుంటుంది. ఊరి బయట, పొలం దగ్గరున్న కల్లానికి ఇంటి వైఫై అందదు, ఆశపడకండి. అక్కడికి సిమ్ కార్డు కెమెరానే దారి.

ఇంటి నుంచి ఆరుబయట షెడ్డుకు, పశువుల కొట్టానికి వైరు లాగేవాళ్లకు ఒక హెచ్చరిక. మన దగ్గర వేసవి వానలు పిడుగులతో వస్తాయి. బయట వేలాడే రాగి వైరు మీదుగా ఆ కరెంటు బాక్సులోకి, టీవీలోకి వస్తుంది. పిడుగు అవతల ఎక్కడో పడినా చాలు. అలాంటి చోటికి ఫైబర్ తీగే వేయించండి, రెండు చివరలా మీడియా కన్వర్టర్ అనే చిన్న డబ్బాలు పెడతారు. గాజులో కరెంటు పారదు.

ఎండ, దుమ్ము, కరెంటు కోత, ఇవి కూడా మన పరికరాలకు శత్రువులే. బాక్సు టీవీ మీద వేడిలోనో, మూసిన అలమరలోనో ఉంటే మే నెలలో ఊపిరాడక ఆగి ఆగి పనిచేస్తుంది. పత్తి తీసే రోజుల్లో నూగు, మిర్చి తొడిమలు తీసే రోజుల్లో కారపు దుమ్ము దాని గాలి రంధ్రాల్లో పేరుకుంటాయి. పొడి బ్రష్షుతో దులిపితే చాలు. కరెంటు పోయినప్పుడు ఫైబర్ కాదు పడుకునేది, మన బాక్సు. చాలా బాక్సులు 12 వోల్టుల మీద నడుస్తాయి, వాటికి సరిపోయే చిన్న యూపీఎస్ దొరుకుతుంది. అడాప్టరు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి తగ్గది కొనండి.

ఇంటి వైఫై సరిగా ఉంటే సెల్‌ఫోను సిగ్నల్ బాధ కూడా తీరుతుంది. ఏ గోడ వైఫైని ఆపుతుందో అదే గోడ టవర్ సిగ్నల్‌నూ ఆపుతుంది. అందుకే ఫోను మోగగానే జనం వాకిట్లోకి పరుగెత్తుతారు. ఫోను సెట్టింగుల్లో వైఫై కాలింగ్ అని ఉంటుంది. 2019 చివర్లో, 2020 మొదట్లో ఎయిర్‌టెల్, జియో మన దేశంలో దీన్ని మొదలుపెట్టాయి. అది ఆన్ చేస్తే కాల్ వైఫై మీదుగా వెళ్తుంది, వేరే యాప్ అక్కర్లేదు. నడుమ గదిలో మంచం మీదున్న ముసలివాళ్లకు ఇది ఎంత సాయమో, ఆ ఇళ్లలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. రైతుకూ ఇది అవసరమే. 2025 సీజను నుంచి తనకు పత్తి అమ్మే రైతుల కోసం కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కపాస్ కిసాన్ అనే యాప్ తెచ్చింది, స్లాటు దాన్లోనే బుక్ చేసుకోవాలి. గుంటూరు మిర్చి యార్డు ధరలు తెల్లారేసరికి వాట్సాప్‌లో తిరుగుతాయి. ఇంట్లో నెట్టు ఇప్పుడు కాలక్షేపానికి మాత్రమే ఉన్నది కాదు.

పాస్‌వర్డు సంగతి క్లుప్తంగా చెబుతాను. బాక్సుతో, కెమెరాతో వచ్చిన మొదటి పాస్‌వర్డును తప్పకుండా మార్చండి. అద్దెకున్నవాళ్లకు, వచ్చిపోయేవాళ్లకు గెస్ట్ వైఫై అని వేరే పేరుతో ఇవ్వండి. ఇంటి కెమెరా బొమ్మలు పరాయివాళ్లు చూసే దుస్థితి రాకూడదు.

చివరగా కొత్త ఇల్లు కడుతున్నవాళ్లకు, ఉన్న ఇంటి మీద మేడ వేస్తున్నవాళ్లకు ఒక విన్నపం. మిర్చికి మంచి ధర వచ్చిన ఏడాది మన ఊళ్లలో స్లాబులు లేస్తాయి. సెంట్రింగ్ కొట్టి చువ్వలు కట్టే రోజున మీ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, కరెంటు పైపులకు తోడుగా అంగుళం పైపు ఒకటి విడిగా వెయ్యమనండి. వీధి స్తంభం వైపు నుంచి నడిమి గదికి ఒకటి, అక్కడి నుంచి టీవీ గోడకు, మేడ మీది హాలుకు, గేటు వైపుకు ఒక్కోటి. మలుపులు గుండ్రంగా ఉండాలి. లోపల లాగుడు తీగ వదిలేయాలి. కరెంటు వైర్లున్న పైపులోనే ఇది కూడా దూర్చనివ్వకండి. ఇంటి ఖర్చులో ఈ పైపుల ఖరీదు లెక్కకు రాదు. గచ్చు, రంగులు అయ్యాక అదే పనికి గోడలు గాడి కొట్టాలి. రేపు వైఫై ఎన్ని కొత్త నంబర్లతో వచ్చినా, ఫైబర్ మీద ఎంత వేగం వచ్చినా, ఆ పైపులో కొత్త తీగ లాగితే సరిపోతుంది. గృహప్రవేశం తర్వాత అనుకోకుండా, స్లాబు పొయ్యకముందే ఈ మాట మేస్త్రీ చెవిన వెయ్యండి.